వానలో పట్టుకునే తీగ

ఆమెను అందరూ చుట్టలక్క అనేవారు. ఆ పేరు వినగానే కొత్తవాళ్లు పొగాకు చుట్ట కనిపిస్తుందేమోనని ఆమె నోటివైపు చూసేవారు. ఆమె చుట్టేది రాగితీగ. మోటార్లు బాగుచేసే షాపులో, కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, కాలిపోయిన ఫ్యాన్లకూ పంపులకూ కొత్త తీగ చుట్టడం ఆమె పని. ఒక చేత్తో పిడి తిప్పుతూ, రెండో చేతి వేళ్ల మధ్యనుంచి తీగను జారనిస్తూ, మనసులోనే చుట్లు లెక్కపెట్టుకునేది. మధ్యలో ఎవరు పలకరించినా పలికేది కాదు. "అక్క ఇప్పుడు మన లోకంలో లేదు, కాసేపాగి రండి" అని షాపువాళ్లు నవ్వుతూ చెప్పేవారు.

భర్త వైర్‌మన్. ఇళ్లలో లైన్లు లాగడం, బోర్డులు బిగించడం అతని పని. ఆమె ఎంత నెమ్మదస్తురాలో అతను అంత వాగుడుకాయ. "మా ఆవిడ చుడుతుంది, నేను లాగుతాను, సంసారం అలా సాగిపోతోంది" అని ఎక్కడ పనికి వెళ్లినా అదే జోకు వేసేవాడు. విన్నవాళ్లు నవ్వకపోతే తనే నవ్వేవాడు. పిల్లలు లేరు. రెండు గదుల ఇంట్లో వాళ్లిద్దరూ, అతని తల్లీ ఉండేవారు. అత్తగారు ఒకప్పుడు ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పనిచేసిన మనిషి. నడుం ఇంకా నిటారుగానే ఉండేది. ఆవిడ నోటికి జడిసి పాలు పోసే అతను కూడా గిన్నె చప్పుడు కాకుండా పెట్టి వెళ్లిపోయేవాడు.

రెండు వీధుల అవతల ఒక మూడంతస్తుల భవనం ఉండేది. దాని వెనక పెరట్లో అందరూ బట్టలుతుక్కునే చోటు. రెండు కొళాయిలు, అరిగిపోయిన రాళ్లు, అందరికీ కలిపి ఒక వాషింగ్ మెషీను, గోడనుంచి ఎదుటి కర్రస్తంభం దాకా బట్టలారేయడానికి లాగిన ఇనుపతీగ. ఆ మెషీనుకు గోడమీద ప్లగ్గు పాయింటు పెట్టింది ఆమె భర్తే. అప్పట్లో అక్కడ రేకుల పందిరి ఉండేది. తర్వాత ఒక గాలివానకు రేకులు లేచిపోయాయి. మళ్లీ ఎవరూ వేయించలేదు. ఎండ బాగా పడుతోంది, బట్టలు తొందరగా ఆరుతున్నాయి అని భవనంలోవాళ్లు సంతోషించారు కూడా.

ఒక వానాకాలం మధ్యాహ్నం మెషీను షాక్ కొడుతోందని కబురొచ్చింది. అతను అన్నం ముందునుంచి లేచి వెళ్లాడు. పిల్లలు అటూ ఇటూ తిరుగుతున్నారని కంగారుపడ్డాడో, చినుకులు పెద్దవవుతున్నాయని తొందరపడ్డాడో, లైను ఆపకుండానే మెషీను మీద చెయ్యి వేశాడు.

ఆ సమయానికి ఆమె షాపులో ఒక పంపు మోటారు చుడుతోంది. భర్తతో కలిసి పనిచేసే మేస్త్రీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె లెక్క ఆపలేదు. అతనూ పిలవలేదు. ఆ చుట్ట పూర్తిచేసి, తీగ కొస తుంచి, అప్పుడు తలెత్తి అతని మొహం చూసింది. నీళ్లోడుతున్న తల తుడుచుకోకుండా అతను అలాగే నిలబడి ఉన్నాడు. "ఎక్కడ?" అని మాత్రం అడిగింది.

తర్వాత ఆ మెషీనును పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. ప్లగ్గు పాయింటు అలాగే ఉండిపోయింది. పెరట్లో దీపం కూడా ఆ లైనుమీదే వెలగాలి కాబట్టి కొన్నాళ్లకు ఎవరో మళ్లీ కరెంటు ఇచ్చారు.

ఆ పెరటి గురించి మాటలు మొదలైంది ఆ తర్వాతే.

మొదట చూసింది వాచ్‌మన్ భార్య. ముసురు పట్టిన ఒక పొద్దున, తడిసిపోతున్న దుప్పటి తీద్దామని తీగమీద చెయ్యి వేసింది. ఎవరో ఆ చెయ్యి పట్టుకున్నారు. "గట్టిగా కాదు. మనల్ని ఆపి ఏదో చెప్పబోతున్నట్టు పట్టుకున్నాడు" అని చెప్పింది. విన్నవాళ్లు కొట్టిపారేశారు. తర్వాత పై అంతస్తు పంతులమ్మ చేతినీ పట్టుకున్నాడు. ఎండరోజుల్లో ఏమీ లేదు. వాన పడితే చాలు, ఆ తీగ ముట్టుకున్నవాళ్ల ఒంటిమీద వెంట్రుకలు లేచి నిలబడేవి. చూస్తుండగానే పెరడు ఖాళీ అయిపోయింది. బట్టలు వసారాల్లోకి, కిటికీ చువ్వల మీదికి వెళ్లిపోయాయి. ఎవరో మరిచిపోయిన పిల్లల చొక్కా ఒకటి తీగమీదే తడుస్తూ ఆరుతూ రంగు పోయింది. దాన్ని తీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఈ సంగతి ఆ అత్తాకోడళ్ల చెవిన పడకూడదని అందరూ జాగ్రత్తపడ్డారు. అందుకే ముందు అత్తగారికే తెలిసింది. కూరగాయల కొట్టు దగ్గర ఇద్దరాడవాళ్లు ఆవిణ్ణి చూసి ఠక్కున నోరు మూసుకున్నారు. ఆవిడ ఊరుకునే రకం కాదు.

చుట్టలక్కకు చాలాకాలం తెలియలేదు. ఒక మార్పు మాత్రం కనిపించింది. కొడుకు పోయాక గోడవైపు తిరిగి పడుకుని ఉండే మనిషి, మబ్బు పట్టగానే లేచి తల దువ్వుకునేది. "కాళ్లు పట్టేశాయి, కాస్త తిరిగొస్తాను" అని గొడుగు తీసుకుని వెళ్లేది. వచ్చేటప్పటికి పాదాలు నాని ముడతలుపడి ఉండేవి. మొహం మాత్రం తేటగా ఉండేది. ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ తినేది కూడా. వానలో తిరిగితే కాళ్లనొప్పులు తగ్గడం కోడలు ఎక్కడా వినలేదు. ఒకరోజు షాపులో కాసేపు సెలవడిగి వెనకాలే వెళ్లింది.

అత్తగారు పెరట్లో ఉతుకురాయి పక్కన నిలబడి ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టింది. గొడుగు మడిచి గోడకు ఆనించింది. వాన నెత్తిమీదనుంచి కారుతోంది. కుడిచెయ్యి తీగమీద ఉంది. కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి.

"అత్తయ్యా!"

ఆవిడ కళ్లు తెరిచింది. చెయ్యి తీయలేదు. దొంగతనం బయటపడ్డ మొహం కాదు అది. ఇంట్లో చుట్టం ఉండగా వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది.

"మెల్లగా రా. ఉన్నాడు."

"ఎవరు?"

"ఎవరంటావేమిటే? రా, ఇలా పట్టుకో. భయపడకు, నిన్నేం చేస్తాడు?"

ముట్టుకోకూడదని ఆమెకు తెలుసు. ఆవిడ తడిసిన ముంజేతి చర్మం సన్నగా అదురుతుండడం చూసింది. ఆ అదురు ఎలాంటిదో షాపులో పనిచేసే మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా చెయ్యి చాచింది.

వేళ్లలోంచి ఏదో ఎక్కింది. అరచేతిలో ఆగలేదు. మణికట్టు చుట్టూ మెత్తగా బిగిసింది. భర్త ఎప్పుడూ ఆమె వేళ్లు పట్టుకునేవాడు కాదు. రద్దీలో బస్సు దిగేటప్పుడైనా, రోడ్డు దాటేటప్పుడైనా మణికట్టు దగ్గరే పట్టుకునేవాడు. వేళ్లయితే జారిపోతావు అనేవాడు. వాన చప్పుడు ఎక్కడో దూరంగా వినిపించింది. అదే సమయంలో, చుట్టి బిగించిన మోటారును మొదటిసారి కరెంటుకు కలిపినప్పుడు బల్లలోంచి చేతికి తెలిసే ఆ గుర్రు, అదే గుర్రు తీగలో తెలిసింది. ఇది కరెంటు. గోడలోంచి కారుతోంది. రెండూ ఒక్కసారే తెలిశాయి. ఒకదాన్ని రెండోది చెరిపేయలేదు.

తెలిశాక కూడా ఆమె వెంటనే చెయ్యి తీయలేదు.

తర్వాత అత్తగారి భుజాలు పట్టుకుని వెనక్కి లాగింది. ఇంటికొచ్చి తువ్వాలుతో ఆవిడ తల తుడుస్తుంటే అడిగింది ఆవిడ. "ఉన్నాడా, లేడా?"

"ఏదో ఉంది అత్తయ్యా."

"ఏదో ఏమిటి? కన్నదాన్ని, నాకు తెలీదా?" ఆవిడ గొంతు తగ్గించింది. "చినుకులు పడితే వేళ్లదాకా వస్తాడు. గట్టిగా కురిస్తే మోచేతిదాకా వచ్చాడు. ఇంకా పెద్దవాన పడితే..."

ఆ మాట అక్కడే ఆపేసి, తువ్వాలు తీసుకుని తనే తుడుచుకోసాగింది. చుట్టలక్కకు అర్థమైంది. ఆవిడ ఆ పెరటికి పలకరింపుకు వెళ్లడం లేదు. ఎదురుచూపుకు వెళుతోంది.

మర్నాడు మేస్త్రీ దగ్గరికి వెళ్లింది. అతను పనిముట్ల సంచీ పక్కన పెట్టి అంతా విన్నాడు. ఆ పెరటివైపు వెళ్లి చాలాకాలమైందన్నాడు. వెళ్లలేకపోయానన్నాడు.

"అన్నయ్యా, ఒక్కటడుగుతాను, నిజం చెప్పు. ఆ ప్లగ్గు మూత ఆయనే పెట్టాడు కదా. తప్పు మూత పెట్టాడా?"

అతను వెంటనే తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. వాడు పెట్టినప్పుడు అదే సరైన మూత. రూల్సులో రెండు రకాల చోట్లు రాసుంటాయి. పైన కప్పుండి, వాన సూటిగా తగలని చోటుంటుంది చూడు, వసారాలాంటిది, అది చెమ్మ చోటు. అక్కడ వాడనప్పుడు మూసుకుంటే చాలు, అలాంటి రెక్కమూత పెట్టొచ్చు. కప్పు లేకుండా వాన నేరుగా పడేది తడి చోటు. అక్కడ ప్లగ్గు గుచ్చి ఉన్నా సరే మూత పూర్తిగా మూసుకోవాలి, చుక్క లోపలికి పోకూడదు. దానికి లోతైన మూత వేరే ఉంటుంది."

"అప్పుడు రేకులున్నాయి."

"అప్పుడున్నాయి. రేకులు పోయిన రోజే ఆ గోడ తడి చోటైపోయింది. మూత మాత్రం పాతదే. మెషీను ప్లగ్గు ఎప్పుడూ గుచ్చే ఉంటుంది కదా, రెక్క పైకి లేచి నోరు తెరుచుకునే ఉండేది. వానంతా దాని నోట్లోకే." సంచీ దగ్గరికి లాక్కుని, "నేనూ చూశానమ్మా ఆ రేకులు లేని గోడని. నాకూ తట్టలేదు" అన్నాడు.

ఆ రోజే వెళ్లి బాగుచేద్దామని అతనంటే, "రెండ్రోజులాగుదాం" అంది. అతను ఆమె మొహంలోకి చూసి, సరేనన్నాడు. ఎండ కాస్తోంది, ఫర్వాలేదనుకున్నాడు.

ఆ మర్నాటి సాయంత్రం తుంపర పడింది. చుట్టలక్క షాపునుంచి ఇంటికి వెళ్లే దారి వదిలి ఆ పెరట్లోకి వెళ్లింది. ఒక్కతే. చెప్పులు విప్పలేదు కానీ, తీగను రెండు వేళ్లతో పట్టుకుంది. సన్నగా, ఉందా లేదా అన్నట్టుగా తగిలింది. ఆమె మాట్లాడింది. భర్త బతికున్నప్పుడు కూడా ఒక్క గుక్కలో అంత మాట్లాడి ఉండదు. ఇంటి తాళం మార్చానని చెప్పింది. గోడ గడియారం ఆగిపోయిందని, దింపాలంటే స్టూలు అందడం లేదని చెప్పింది. మీ అమ్మ నీ దగ్గరికి రావాలని చూస్తోందని చెప్పింది. తుంపర ఆగింది. గోడ ఆరేకొద్దీ వేళ్లమీది పట్టు సడలుతూ, సడలుతూ పోయింది. చివరికి చేతిలో వట్టి ఇనుము మిగిలింది. పై అంతస్తు కిటికీలోంచి ఎవరో చూసి గబుక్కున తెర లాగేసుకున్నారు.

ఆ వారం చివర్లో పెద్ద గాలివాన రాబోతోందని రేడియోలో చెప్పారు. అత్తగారు ఆ వార్త రెండుసార్లు విన్నది. తర్వాత పెట్టెలోంచి ఉతికిన బట్టలు తీసి మంచంమీద పెట్టుకుంది. అది చూసి చుట్టలక్క చెప్పులేసుకుని మేస్త్రీ ఇంటికి నడిచింది. "రేపు పొద్దున్నే చేసేద్దాం అన్నయ్యా. నేనూ వస్తాను."

పొద్దున మెయిన్ ఆపి, టెస్టర్‌తో రెండుసార్లు చూసుకుని, మేస్త్రీ ఆ ప్లగ్గు పెట్టె విప్పాడు. లోపల అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. మూలన సాలెగూడు. రాగితీగలకు పచ్చగా చిలుము పట్టింది. ఎర్తు తీగ తుప్పుపట్టి తెగిపోయి, కొస గాలిలో ఉంది. గోడమీదనుంచి జారిన వాన పెట్టె వెనక సందులోంచి లోపలికి దిగుతోంది. బట్టల తీగను కట్టిన కొక్కెం ఆ పెట్టె అంచుకు ఆనుకునే ఉంది. మేస్త్రీ "ఇదిగో నీ..." అనబోయి మాట మింగేశాడు. "ఇదమ్మా సంగతి" అన్నాడు.

చిలుము పట్టిన తీగ కత్తిరించి, మంచి తీగ దొరికేదాకా వెనక్కి వెళ్లి, కొత్త పెట్టె బిగించారు. పైనా, రెండు పక్కలా గోడకూ పెట్టెకూ మధ్య సందును నీరు చొరనివ్వని మందుతో పూడ్చారు. కిందవైపు వదిలేశారు, ఎప్పుడైనా చెమ్మ చేరితే దిగిపోవడానికి. కొత్త ఎర్తు లాగారు. లీకేజీ మొదలైతే మనిషికి తెలిసేలోపే లైను కొట్టేసే స్విచ్చును మెయిన్ బోర్డులో పెట్టారు. తీగ కొక్కేన్ని పీకి దూరంగా కొట్టారు. చివరికి మూత. గాజులా లోపలిది కనిపించే లోతైన మూత, బోర్లించిన గిన్నెలా ఉంది. కింద అంచున ప్లగ్గు తీగ బయటికి రావడానికి చిన్న గాడి. మేస్త్రీ మరలు బిగించబోతే ఆమె చెయ్యి చాచింది. అతను స్క్రూడ్రైవరు ఇచ్చేసి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

మధ్యాహ్నానికే చీకటి కమ్మింది. వాన మొదలుకాగానే అత్తగారు లేచింది. ఉతికిన బట్టలు కట్టుకుంది. గొడుగు తీసుకోలేదు. కోడలు ఆపలేదు, వెంట నడిచింది. పెరట్లో నీళ్లు చీలమండలదాకా ఉన్నాయి. ఆవిడ రెండు చేతులతో తీగ పట్టుకుని కళ్లు మూసుకుంది. వాన దంచి కొడుతోంది. చాలాసేపయింది. తీగ గాలికి ఊగుతోంది, అంతే.

"ఏడీ?" అంది ఆవిడ కళ్లు తెరవకుండానే. "ఏమే, ఏడీ వీడు?"

"అత్తయ్యా, మూత మార్చాం."

ఆవిడ కళ్లు తెరిచి గోడమీది కొత్త మూతను చూసింది. దానిమీదనుంచి నీళ్లు ధారగా జారుతున్నాయి. లోపల పొడిగా ఉంది. దగ్గరికి వెళ్లింది. వంగి లోపలికి చూసింది. వేళ్ల కణుపులతో దానిమీద తట్టింది, తలుపు తట్టినట్టు.

"నాన్నా, నేనురా. తియ్యి."

కోడలు ఆవిణ్ణి పట్టుకుంది. ఆవిడ విదిలించుకుంది. మళ్లీ పట్టుకుంది. ఈసారి విదిలించుకునే బలం ఆవిడకు లేకపోయింది.

ఆ తర్వాత వానాకాలం వెళ్లిపోయేదాకా అత్తగారు ఆమెతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది, మంచినీళ్లిస్తే తాగేది. ఏదైనా కావాలంటే గోడకు చెప్పేది. "ఈ ఇంట్లో ఉప్పు తగ్గించినవాళ్లెవరో" అని గోడను అడిగేది. చుట్టలక్క లేచి ఉప్పు తెచ్చి పెట్టేది. మబ్బు పడితే ఇద్దరిలో ఎవరూ కిటికీ వైపు చూసేవారు కాదు. వాన శబ్దం ఇంట్లో మూడో మనిషిలా కూర్చునేది.

చలి మొదలైన ఒక పొద్దున ఆవిడ మంచంమీద కూర్చుని, ఉన్నట్టుండి, "నువ్వూ ఒక్కదానివే వెళ్లావు కదూ?" అంది.

చుట్టలక్క చేతిలో గిన్నె అలాగే ఆగింది. "మీకెలా తెలుసు?"

"తుంపరకి తడిసొచ్చినదానివి, తల తుడుచుకోకుండా నవ్వుకుంటూ కూర్చున్నావు. నాకు తెలీదా ఆ నవ్వు?" కోడలివైపు తిరిగి, "ఏం చెప్పావు వాడికి?"

"గడియారం ఆగిపోయిందని."

"అంతేనా?"

"తాళం మార్చానని. మీ గురించి కూడా చెప్పాను."

ఆవిడ దుప్పటి అంచు మడతలు పెట్టింది, విప్పింది. "నేను మాత్రం తిట్టేదాన్నే. వెళ్లిన ప్రతిసారీ తిట్టాను. లైను ఆపకుండా చెయ్యి పెడతావా, నీ పని నీకు తెలీదా, గాడిదా, అని. పాపం, తిట్లన్నీ తిని కూడా చెయ్యి వదిలేవాడు కాదు." ఆవిడ మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. కోడలు గిన్నె దించి వచ్చి పక్కన కూర్చుంది. భర్త పోయిన రోజు కూడా ఆ ఇద్దరూ కలిసి ఏడవలేదు.

అత్తగారు తర్వాత చాలా ఏళ్లు బతికింది. నిద్రలోనే పోయింది, ఎండాకాలంలో.

చుట్టలక్క షాపు మానేసి మేస్త్రీతో పనికి వెళ్లసాగింది. ఇళ్లలోపలి పని అతనిది. పెరళ్లు, డాబాలు, నీళ్ల పంపులు, గోడ బయట ఉండే ప్లగ్గులన్నీ ఆమెవి. కొత్త చోటికి వెళ్లగానే ముందు తలెత్తి పైన కప్పుందో లేదో చూసేది. మేస్త్రీ మోకాళ్లు అరిగిపోయి ఇంటిపట్టున ఉండిపోయాక పనంతా ఆమె మీదే పడింది. చుట్టలక్క అన్న పేరు మాత్రం పోలేదు. వానరోజున ఆమె పనికి రాదనీ, ఎక్కడికో వెళ్లి తలుపులు తట్టి గోడలు చూసి వస్తుందనీ చెప్పుకునేవారు. అందులో కొంత నిజమే.

చాలాకాలం తర్వాత, నగరం రెండో కొసన కొత్తగా కట్టిన ఒక ఇంటి డాబామీద ఆమె మూత బిగిస్తోంది. ఆ ఇంటావిడ చిన్నపిల్ల, కొత్తగా కాపురానికి వచ్చింది. టీ తెచ్చి ఇచ్చి, పని చూస్తూ నిలబడింది.

"ఇలాంటి మూతే కదండీ, ఆ దయ్యాన్ని పెట్టింది?"

చుట్టలక్క చెయ్యి ఆగింది. "ఏ దయ్యం?"

"మీరు వినలేదా? మా అమ్మమ్మ చెప్పేది. ఒక భవనం వెనకాల పెరట్లో ఉండేవాడట. వానపడితే బట్టల తీగమీదికి వచ్చి అందరి చేతులూ పట్టుకునేవాడట. ఎవరో ఒకావిడొచ్చి వాణ్ణి పెట్టెలోకి తోసి, గాజుమూత వేసి మరలు బిగించేసిందట. ఇప్పటికీ వానలో చూస్తే లోపల కూర్చుని కనిపిస్తాడట." ఆ అమ్మాయి చేతులు రుద్దుకుంది. "అమ్మో, చూడండి, చెప్తుంటేనే గగుర్పాటు ఎలా వచ్చేసిందో."

"ఎలా ఉంటాడట?"

"పొడుగ్గా, గడ్డంతో ఉంటాడట. ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడడట."

చుట్టలక్క మరను ఇంకో సగం తిప్పు బిగించింది. మూతను తీసి, వేసి చూసింది. టీ గ్లాసు అందుకుంది.

"కాదమ్మా, పొట్టివాడు," అంది. "నోరు మూసుకునేవాడే కాదు."